బాటిల్లో సున్నా, గోదారికి వరద

జలచక్రం బొమ్మ గీయమంటే మా కోనసీమ పిల్లలు కూడా ముందు కొండలే గీస్తారు. ఎడమ పక్క రెండు కొండలు, వాటి మధ్య నుంచి ఒక ఏరు, కుడి పక్క సముద్రం, పైన సూర్యుడు, మేఘం, నాలుగు బాణాలు. అమలాపురం చుట్టుపక్కల ఎంత దూరం నడిచినా కొండన్నది కనపడదు, ఇక్కడ ఎత్తయిన చోటంటే ఏటిగట్టే, అయినా పుస్తకంలో ఉంది కాబట్టి కొండ పడాల్సిందే. ఆ బొమ్మ తప్పని నేననను. కానీ దాన్ని మాత్రమే పట్టుకుంటే డెల్టాలో పెరిగే పిల్లలకు వాళ్ల కళ్ల ముందు జరిగేదేదీ అర్థం కాదు.

జూలైలోనో ఆగస్టులోనో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, లంకల్లోకి నీళ్లొస్తాయి, కాజ్‌వేలు మునుగుతాయి, స్కూళ్లకు సెలవిస్తారు. ఆ వారమంతా మన ఊళ్లో చుక్క వాన పడకుండా ఎండ కాస్తూ ఉండొచ్చు. అప్పుడు పిల్లలడుగుతారు, "వాన పడలేదు కదండీ, మరి వరదెలా వచ్చిందండీ?" అని. ఇంకొకరు లేచి, ఎండాకాలంలోనే ఆవిరి ఎక్కువ లేస్తుంది కదండీ, మరి వానలు మేలో పడకుండా జూలైలో పడతాయేంటండీ అంటారు. మరొకరికి ఇంకో అనుమానం, సముద్రం మన పక్కనే ఉంది, అంతర్వేది దగ్గర లేచిన ఆవిరి అంతర్వేది మీదే పడొచ్చు కదా అని. మూడూ చక్కని ప్రశ్నలు, బొమ్మలో మాత్రం ఒక్కదానికీ జవాబు లేదు, ఎందుకంటే ఆ బొమ్మలో దూరం లేదు, కాలం లేదు, ఎన్ని నీళ్లు అన్న లెక్క అసలే లేదు.

అందుకని నా పద్ధతి తిరగేసి ఉంటుంది. ముందు వాన కొలవడం నేర్పాలి, జలచక్రం ఆ తర్వాత. కొలిచే అలవాటు వచ్చిన పిల్లలకు చక్రంలో ఎక్కడ ఏం తేడా ఉందో వాళ్లకే కనపడుతుంది.

మిల్లీమీటరంటే ఏంటి?

టీవీలో "12 సెంటీమీటర్ల వర్షం" అంటారు, పేపర్లో మండలాల వారీగా "120 మి.మీ." అని వేస్తారు, ఇంట్లో తాతగారు "నాలుగైదంగుళాలు పడుంటుంది" అంటారు. మూడూ ఒకటే. అయితే పిల్లలకు అసలు చిక్కు దీంట్లో లేదు. నీళ్లను లీటర్లలో కదా కొలుస్తాం, వానను స్కేలుతో కొలవడమేంటి అన్నది వాళ్ల సందేహం.

ఒక పని చేయించండి. వాన పడే ముందు బయట ఒక బకెట్టు, ఒక స్టీలు గ్లాసు, ఒక బిందె పెట్టించి, దేంట్లో నీళ్లు ఎక్కువ లోతుగా నిలుస్తాయో ముందే రాయమనండి. క్లాసులో చాలామంది బకెట్టే అంటారు, మూతి పెద్దది కాబట్టి. పెద్ద మూతి ఎక్కువ వానను పట్టుకుంటుంది, నిజమే, కానీ ఆ నీళ్లు పరుచుకునే చోటు కూడా అంతే పెద్దది, కాబట్టి గోడలు నిలువుగా ఉన్నంతవరకూ గ్లాసయినా గంగాళమైనా లోతు ఒక్కటే. బిందె మాత్రం మోసం చేస్తుంది. దాని మూతి ఇరుకు, పొట్ట వెడల్పు, అందుకని తక్కువ లోతు చూపిస్తుంది. మామూలు బకెట్టు కూడా కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండు తేడాలూ పిల్లలే కనిపెట్టేదాకా ఆగండి, మీరు చెప్పేయకండి.

ఒక మిల్లీమీటరు వాన పడిందంటే, పడ్డ నీరు ఎక్కడికీ పోకుండా, ఇంకకుండా, ఆవిరవకుండా నిలిస్తే నేలంతా ఒక మిల్లీమీటరు మందాన ఉంటుందని అర్థం. అదే చదరపు మీటరుకి ఒక లీటరు. ఇక్కణ్ణించి మన కొలతల్లోకి వచ్చేయొచ్చు. సెంటు నేల అంటే దాదాపు 40 చదరపు మీటర్లు, కాబట్టి ఒక మిల్లీమీటరు వానకి సెంటుకి 40 లీటర్లు, ఎకరానికి 4 వేల లీటర్ల పైన. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే "భారీ వర్షం" అంటుంది, 115.6 నుంచి "అతి భారీ", 204.5 నుంచి "అత్యంత భారీ". ఆ మొదటి అంకెనే తీసుకున్నా ఎకరం మీద 2 లక్షల 60 వేల లీటర్లు పడ్డట్టు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు యాభై రెండు. ఐదెకరాల చేను ఉన్న పిల్లాడి చేత ఈ లెక్క చేయించండి, వాడి మొహం చూడండి.

తారీఖుల గొడవ కూడా ఒకటుంది. మన దేశంలో ఉదయం 8.30కి కొలుస్తారు, అప్పటికి గడిచిన 24 గంటల వానను ఆ రోజు పేరు మీద రాస్తారు. సోమవారం రాత్రి మనల్ని నిద్రపోనివ్వకుండా కురిసిన వాన లెక్కల్లో మంగళవారానిది. పిల్లలు తమ అంకెను పేపర్లో అంకెతో పోల్చి, సోమవారం పడిందానికి సోమవారం సున్నా వేశారేంటి అని చాలాసార్లు కంగారు పడేది ఇక్కడే.

వానమాని ఎక్కడ పెట్టాలి

వానను గిన్నెతో కొలవడం కొత్తేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే కోష్ఠాగారం (రాజుగారి ధాన్యపు గిడ్డంగి) దగ్గర మూరెడు వెడల్పు మూతి ఉన్న పాత్ర ఒకటి పెట్టి వాన కొలవమని ఉంది, ఏ దేశంలో ఎన్ని ద్రోణాలు (అప్పటి కొలత) పడుతుందో కూడా ఉంది. అశ్మకంలో పదమూడున్నర ద్రోణాలు, అవంతిలో ఇరవై మూడు. ఆ అశ్మకం గోదావరి ఒడ్డు రాజ్యమే, దాని రాజధాని నేటి బోధన్ అని చరిత్రకారుల గుర్తింపు. ఎందుకు కొలిచారంటే, వానను బట్టి విత్తనం, పంటను బట్టి పన్ను. ఇది చెప్తే సోషల్ టీచరు కూడా మనతో కలిసొస్తారు.

మనకి వానమానిగా, అంటే వాన కొలిచే పాత్రగా, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ చాలు. మెడ దగ్గర కోసి, ఆ పై ముక్కను తలకిందులుగా ఫన్నెల్ లాగా లోపల కూర్చోబెట్టాలి. అడుగున గుంటలు, బుడిపెలు ఉంటాయి కాబట్టి కాసిన్ని గులకరాళ్లు వేసి, నిలువు గోడ మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. ఆ గీత నుంచి పైకి స్కేలు. రోజూ చూశాక మళ్లీ నీళ్లు సున్నా గీతకు తేవాలి. ఎండకి ఆవిరైపోకుండా పైన నాలుగు చుక్కల కొబ్బరి నూనె వేస్తే మంచిది, అది మన ఇళ్లల్లో ఎలాగూ ఉంటుంది.

బాటిల్ కంటే వెడల్పయిన ఫన్నెల్ పెడితే మాత్రం లెక్క మారుతుంది. ఫన్నెల్ మూతి అడ్డంగా 10 సెంటీమీటర్లు, బాటిల్ 5 సెంటీమీటర్లు అనుకోండి, వెడల్పు రెట్టింపే కానీ వైశాల్యం నాలుగు రెట్లు, కాబట్టి ఒక మిల్లీమీటరు వాన బాటిల్లో నాలుగు మిల్లీమీటర్లుగా కనపడుతుంది. చిన్న వానల్ని కొలవడానికి ఇది బాగుంటుంది, ప్రభుత్వ వానమానుల్లో సన్నటి కొలజాడీ వాడేది కూడా ఇందుకే. ఎనిమిదో తరగతి లెక్కల టీచరు దీంతో రెండు పీరియడ్లు హాయిగా గడిపేయొచ్చు.

స్థలమే పెద్ద తలనొప్పి. పక్కనున్న అడ్డం ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో వానమాని ఉండాలన్నది నియమం. మామూలు స్కూలు బిల్డింగు సంగతైతే ఎలాగో చూసుకోవచ్చు, కొబ్బరిచెట్లతోనే చిక్కు. యాభై అడుగుల చెట్టుకి వంద అడుగుల దూరమంటే కోనసీమలో అలాంటి చోటు వెతుక్కోవాలి, దొరికేసరికి అది పక్కూరి స్కూలుదవుతుంది. చెట్టు కింద పెడితే సన్న జల్లుకి ఏమీ పడదు, పెద్ద వానకి మట్టల మీంచి ధారలు కారి లేనిపోని వాన చూపిస్తుంది. డాబా మీద పెడదామంటే గాలి. మూతి మీదుగా గాలి విసురుగా పోతే చినుకులు లోపల పడకుండా పక్కకి కొట్టుకుపోతాయి, తక్కువ చూపిస్తుంది. మూతి నేలకి ఒక అడుగు ఎత్తులో ఉండాలనేది రెండిటి మధ్యా రాజీ, మరీ కిందైతే నేల మీద పడ్డ చినుకు చింది లోపలికొస్తుంది. నా మాటడిగితే, ఆటస్థలం మధ్యలో నాలుగు ఇటుకల మధ్య బిగించి, చుట్టూ చిన్న దడి కట్టి, దూడలు రాకుండా చూసుకోవడమే మార్గం. చోటు నూటికి నూరుపాళ్లు కుదరకపోయినా ఫరవాలేదు, ఏడాదంతా ఒకే చోట ఉండాలి, ఆ చోటు ఎలాంటిదో రిజిస్టర్లో మొదటి పేజీలో రాసి ఉండాలి.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యం అనిపించేది. వాన పడని రోజు 0 అని రాయాలి. చూడటం కుదరని రోజు గీత కొట్టి వదిలేయాలి. ఈ రెండూ ఒకటి కాదు. ఆదివారం ఎవరూ రాలేదు, సోమవారం చూస్తే 31 మి.మీ. ఉంది, అది సోమవారం వాన అని రాసేస్తే ఆ రిజిస్టరు అబద్ధం చెప్తుంది, "రెండు రోజులది కలిపి 31" అని రాస్తే నిజం చెప్తుంది. స్కూలుకి దగ్గర్లో ఇల్లున్న పిల్లలకు సెలవుల డ్యూటీ వేస్తే సరి, దసరా సెలవుల్లో తప్పకుండా వేయాలి, మన పెద్ద వానలు చాలావరకు ఆ చుట్టుపక్కలే పడతాయి.

ముసురు పెద్దదా, గాలివాన పెద్దదా

కొన్నాళ్లు కొలిచాక పిల్లల అంచనాలు తలకిందులవుతాయి. మూడు రోజులు ముసురు పట్టి బట్టలారక, దుప్పటి కప్పుకుని కూర్చున్న వానకి రోజుకి ఏడెనిమిది మిల్లీమీటర్లు కూడా రాకపోవచ్చు. సాయంత్రం ఉరుములతో అరగంట దంచికొట్టి, ఏమీ తెలియనట్టు ఆగిపోయిన వాన నలభై దాటొచ్చు. వాన ఎంత సేపు పడింది, ఎంత పడింది, ఎంత వేగంతో పడింది, ఇవి మూడు వేరువేరు సంగతులు. అందుకే మిల్లీమీటర్ల పక్కన మొదలైన టైము, ఆగిన టైము, తుంపరా జల్లా ముసురా గాలివానా అన్నది కూడా రాయిస్తే మన భాషలో వానకున్న పేర్లన్నీ పనికొస్తాయి. కార్తె కూడా రాయించండి, ఇంట్లో నాయనమ్మకి చూపించినప్పుడు ఆవిడకి అర్థమయ్యేది అదే.

2.5 మి.మీ. పడితేనే వాతావరణ శాఖ దాన్ని "వాన రోజు" అంటుంది. గొడుగు తీసిన రోజులన్నీ వాన రోజులు కావని తెలిసి పిల్లలు కాస్త నొచ్చుకుంటారు.

ఊరి పక్క ఊరికే తేడా ఉంటుందనేది కూడా బాటిల్ ఉంటేనే తెలుస్తుంది. హైస్కూలుకి నాలుగైదు ఊళ్ల నుంచి పిల్లలొస్తారు కదా, తలా ఒక బాటిల్ ఇంటి దగ్గర పెట్టమంటే ఒకే సాయంత్రం ఒకచోట పాతిక, ఇంకోచోట రెండు, మరోచోట సున్నా రావచ్చు. జూన్, సెప్టెంబరు నెలల్లో పడే ఉరుముల వానలకి ఇది మామూలే. అదే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు అన్ని ఊళ్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. మేఘం ఎంత మేర పరుచుకుందో ఆకాశం వైపు చూడకుండానే ఈ అంకెలు చెప్పేస్తాయి.

పడ్డ వాన ఎటు పోతుందన్నది డెల్టాలో విడిగా చెప్పాల్సిన కథ. పుస్తకంలో వాన కొండ మీద పడి గబగబా కిందికి పారుతుంది. ఇక్కడ నేల బల్లపరుపు, నీటికి ఎటు పోవాలో తోచదు. పొలం లోంచి బోదెకి, బోదె లోంచి డ్రెయిన్‌కి, డ్రెయిన్ లోంచి సముద్రానికి పోవాలి, అక్కడ సముద్రం పోటు మీద ఉంటే నీరు తిరిగి వెనక్కి తంతుంది. మధ్యలో గుర్రపుడెక్క. భీమవరం వాళ్లకి యనమదుర్రు డ్రెయిన్ పేరు చెప్తే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. కాబట్టి మెట్టలో 100 మి.మీ. వాన వాగులో పోయే నీరైతే, డెల్టాలో అదే 100 మి.మీ. నాలుగు రోజులు చేలో నిలబడే నీరు, నారుమడి కుళ్లిపోవడానికి అది చాలు. దీన్ని మనం ముంపు అంటాం. గోదారి పెరిగి వచ్చేదాన్ని వరద అంటాం. పేపర్లు రెండిటినీ కలిపేస్తాయి కానీ ముంపు మన మీద పడ్డ వాన, వరద ఎవరి మీదో పడ్డ వాన.

వరద ఎవరి వాన?

గోదావరి త్ర్యంబకం దగ్గర, అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే పుట్టి, ఆ సముద్రాన్ని వదిలేసి, 1,465 కిలోమీటర్లు తూర్పుకి నడిచి మన దగ్గరికొస్తుంది. పరీవాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో మన డెల్టా చివర్న ఉన్న చిన్న ముక్క. మహారాష్ట్ర విదర్భలో పడ్డ వాన వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగాల్లో పారి ప్రాణహితగా కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, బస్తర్‌లో పడ్డది ఇంద్రావతిలో వస్తుంది, ఒడిశా అడవుల్లో పడ్డది శబరిలో పారి కూనవరం దగ్గర కలుస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, ఆ నీరు మర్నాటికో ఆ మర్నాటికో ధవళేశ్వరం చేరుతుంది. ఇక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, అప్పుడు బ్యారేజీ నుంచి దాదాపు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతూ ఉంటాయి.

క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. టీవీలో ఈ మాట వినీ వినీ పిల్లలకి కంఠతా వచ్చేస్తుంది, అర్థం మాత్రం రాదు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 10 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 86 టీఎంసీలు. కాటన్ బ్యారేజీలో నిలిచేది మొత్తం మూడు టీఎంసీల లోపు. అంటే అది వరదను ఆపే డ్యాం కాదు, గేట్లెత్తి దారివ్వడం తప్ప దానికి వేరే దారి లేదు. "బ్యారేజీ ఉంది కదండీ, ఆపొచ్చు కదండీ" అనే పిల్లలకి ఈ ఒక్క లెక్క చాలు.

ఇప్పుడు అసలు లెక్క, నాకు బాగా ఇష్టమైనది. గోదావరి పరీవాహక ప్రాంతమంతటా ఒకే ఒక్క మిల్లీమీటరు నీరు నేలలో ఇంకకుండా నదిలోకి పారిందనుకోండి. 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల మీద ఒక మిల్లీమీటరంటే 11 టీఎంసీలు. మరి 86 టీఎంసీల వరదకి? ఎనిమిది మిల్లీమీటర్లు కూడా అక్కర్లేదు. లంకల్ని ముంచి, పడవల మీద జనాన్ని తరలించాల్సి వచ్చే నీరు, పైన ఆ మొత్తం నేల మీద పరిస్తే మన బాటిల్లో ఎనిమిది మిల్లీమీటర్ల గీత కూడా దాటదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు. వాటిని కూడా పిల్లల చేతే మిల్లీమీటర్లలోకి మార్పించండి. బాటిల్లో సున్నా ఉన్న రోజున గోదారికి వరదెలా వచ్చిందన్న ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

డెల్టా రైతు సంగతి కూడా ఇంతే. సార్వా (ఖరీఫ్) పంటకైనా దాళ్వా (రబీ) పంటకైనా అతను చూసేది కాలువ వైపు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత, ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే ఊరొదిలిపెట్టి పొమ్మని. అది మెట్ట సామెత. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యేదాకా మన పల్లపు ఊళ్లకీ అదే గతి, పక్కన నది నిండుగా పారుతున్నా కరువులొచ్చాయి. ఆ తర్వాత తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల కింద పది లక్షల ఎకరాలు, బస్తర్‌లోనో విదర్భలోనో పడ్డ వానతో పండుతున్నాయి. కాబట్టి సముద్రం, మేఘం, కొండ, ఏరు అన్న బొమ్మలో మన కొండలు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి, అంతే తేడా.

ఇంకో మాట. గోదావరి నీరు ఏటా వేల టీఎంసీలు "వృథాగా సముద్రం పాలు" అని మనం అలవాటుగా అనేస్తాం. జలచక్రం పాఠం చెప్పే నోటితో అది అనడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. సముద్రంలో కలిసే ఆ ఎర్రనీటి వల్లే పులస చేప ఎదురీదుకుంటూ వస్తుంది, కోరింగ మడ అడవులు బతుకుతాయి, ఉప్పునీరు ఏటి లోపలికి ఎగబాకకుండా ఆగుతుంది. అసలు ఈ డెల్టా నేలే అలా కొట్టుకొచ్చిన ఒండ్రు.

ఆకాశంలో ఉన్న నీళ్లు ఎన్ని?

మిగిలిన రెండు ప్రశ్నలకి ఆవిరి దగ్గరికి రావాలి. ముందు ఒక అపోహ తీసేయాలి, మేఘం ఆవిరి కాదు. ఆవిరి కంటికి కనపడదు. మేఘమంటే అప్పటికే నీరైపోయిన సన్నటి చుక్కలు, ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు. వాన చినుకు సుమారు రెండు మిల్లీమీటర్లు. వెడల్పులో వంద రెట్లు, కాబట్టి ఒక్క చినుకు కావాలంటే పది లక్షల మేఘపు చుక్కలు కలవాలి. అందుకే ఆకాశం నిండా మబ్బు పట్టిన రోజు కూడా ఒక్క చినుకు రాలకుండా పోవచ్చు.

భూమి చుట్టూ గాలిలో ఉన్న ఆవిరంతా ఒక్కసారిగా నీరై కిందపడితే సగటున 25 మి.మీ. వాన, అంతే. వానాకాలంలో మన తీరం మీద దానికి రెట్టింపు దాకా ఉంటుంది. మరి ఒక్క రోజులో 200 మి.మీ. ఎలా పడుతుంది? ఆకాశం చెరువు లాంటిది కాదు, కాలువ లాంటిది, దాంట్లో ఏ క్షణానికైనా ఉన్న నీరు తక్కువే కానీ వెనక నుంచి వస్తూనే ఉంటుంది. గాలి సముద్రం మీంచి ఆవిరిని మోసుకొచ్చి ఒకచోట పోగేస్తూ ఉంటే, అక్కడ పైకి లేచి, చల్లబడి, పడుతూనే ఉంటుంది. భూమ్మీద ఏడాది వాన సగటున వెయ్యి మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఆ 25 ఏడాదికి నలభై సార్లు ఖాళీ అయి నిండాలి, అంటే ఆవిరిగా లేచిన నీటి చుక్క సుమారు తొమ్మిది రోజుల్లో మళ్లీ ఎక్కడో పడుతుంది. ఆ తొమ్మిది రోజుల్లో గాలి దాన్ని ఎక్కడికి తీసుకుపోతుందో చూస్తే అంతర్వేది ఆవిరి అంతర్వేదిలోనే ఎందుకు పడదో తెలిసిపోతుంది.

మే నెల ప్రశ్నకి ఉక్కపోతే జవాబు. రోహిణి కార్తెలో చెమట ఆరకుండా ఉక్కిరిబిక్కిరి చేసేది గాలిలో ఉన్న ఆవిరే, ఎండ దాని పని అది చేసింది, ఆవిరి సిద్ధంగా ఉంది. దాన్ని పైకి లేపేదే లేదు. గాలి పైకి లేస్తేనే చల్లబడుతుంది, చల్లబడితేనే ఆవిరి నీరవుతుంది, ఐసు నీళ్ల గ్లాసు బయట చెమర్చేది అందుకే. ఆ లేపే పని వానాకాలంలో అల్పపీడనాలు చేస్తాయి. చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుని పైకి తోస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అవి ఎక్కువగా బంగాళాఖాతం ఉత్తర భాగంలో పుట్టి, ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్, విదర్భల వైపు నడుస్తాయి. దారి చూశారా? మన బంగాళాఖాతం నీరే మనకి పైనుంచి పక్కదారిన పోయి, గోదావరి పరీవాహక ప్రాంతంలో పడి, ధవళేశ్వరం దాటి, గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో మళ్లీ అదే బంగాళాఖాతంలో కలుస్తోంది. మ్యాపు మీద వేలితో గీయించండి. అక్టోబరు తర్వాత అల్పపీడనాల దారి దక్షిణానికి జరుగుతుంది, అప్పుడు తుపాన్లు మన మీదికే వస్తాయి, 1996 నవంబరులో కోనసీమకి వచ్చినట్టు.

ఆవిరిని కూడా కొలవొచ్చు, కష్టమేం కాదు. నిలువు గోడలున్న వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఎండలో పెట్టి, రోజూ ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో రాయడమే, పైన పక్షులు తాగకుండా వల. ఎండాకాలంలో రోజుకి ఐదు మిల్లీమీటర్లు తేలిగ్గా పోతుంది. ఆ లెక్కన ఎకరం చేపల చెరువు నుంచి రోజూ 20 వేల లీటర్లు గాల్లో కలుస్తున్నాయి, చెరువులున్న ఇళ్ల పిల్లలకి నీళ్లు ఎందుకు తోడుతూ ఉండాలో దీంతో తెలుస్తుంది. పక్కన ఇంకో పళ్లెంలో సముద్రపు నీరు పెడితే ఉప్పు మిగులుతుంది, ఉప్పు సముద్రం నుంచి తీపి వాన ఎలా వచ్చిందన్న ఆరో తరగతి ప్రశ్నకి మాటలక్కర్లేదు.

మీ బాటిల్ అంకె, పేపర్లో మీ మండలం అంకె కలవకపోతే కంగారు పడకండి. వాళ్ల వానమాని మీ ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు, రెండూ నిజమే కావచ్చు. కానీ నెల మొత్తం కూడితే మీది ఎప్పుడూ ఒకవైపే తేడా చూపిస్తుంటే, ఎప్పుడూ తక్కువే అయితే చెట్టో గోడో అడ్డుంటుంది, ఎప్పుడూ ఎక్కువే అయితే ఫన్నెల్ లెక్కలో పొరపాటుంటుంది, వెళ్లి చూడండి. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం మాత్రం నాలుగు రెట్లు చూపించే ఫన్నెల్ తీసేయండి, 250 మి.మీ. వాన పడితే దానికి మీటరు పొడవు బాటిల్ కావాలి, అంత పొడవు బాటిల్ ఎక్కడా ఉండదు, పొంగిపోయి లెక్క పోతుంది. నిలువు గోడల పెయింటు డబ్బా ఒకటి ఇటుకల మధ్య బిగించి, గాలి పూర్తిగా తగ్గాకే, పెద్దవాళ్లు తోడుంటేనే, స్కేలుతో చూసి రాయమనండి.